రికార్డు చేసిన పాఠాలు సొంత సర్వర్‌కి పంపడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మా కాలేజీలో సార్లు, మేడమ్‌లు పాఠం రికార్డు చేయడం చాలా తొందరగా నేర్చుకున్నారు. పవర్‌పాయింట్‌లో రికార్డ్ నొక్కి మాట్లాడేస్తారు, కొందరు ఓబీఎస్ అనే ఉచిత రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ వాడతారు. చిక్కంతా ఆ తర్వాతే. ఈ వీడియోని సర్వర్‌కి ఎలా పంపాలి, పిల్లలకి ఏ లింక్ ఇవ్వాలి, నాకు ఓపెన్ అవుతోంది కదా వాళ్లకెందుకు అవట్లేదు, ఈ మూడే రకరకాల మాటల్లో నా దగ్గరికి వస్తుంటాయి. పరీక్షల ముందు వారం వస్తే ఇంకా టెన్షన్. అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను. లైనక్స్ సర్వర్ ఉంది, అందులో వెబ్ పేజీలు అందించే ఎన్‌జిన్‌ఎక్స్ గానీ అపాచీ గానీ నడుస్తోంది అనుకుని రాశాను. మామూలు షేర్డ్ హోస్టింగ్ (ఒకే సర్వర్‌ని చాలామంది అద్దెకి పంచుకునేది) ఉన్నవాళ్లకి కూడా చాలావరకు పనికొస్తుంది.

రిమోట్ డెస్టినేషన్ అంటే అసలు ఏంటి?

రికార్డింగ్ అయ్యాక ఫైలు ఎక్కడికి వెళ్లాలో ముందే చెప్పి సేవ్ చేసి పెట్టుకునే చిరునామా, అంతే. అందులో సర్వర్ పేరు, పోర్టు నంబరు (సర్వర్‌లో ఏ తలుపు తట్టాలో చెప్పే అంకె), యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ లేదా కీ (పాస్‌వర్డ్ బదులు వాడే ఫైలు), ఏ ఫోల్డర్‌లో పెట్టాలి, కొన్నింట్లో పిల్లలు తెరిచే వెబ్ అడ్రస్ ఏంటి అన్నవి ఉంటాయి. ఒకసారి సరిగ్గా సెట్ చేస్తే తర్వాత ప్రతి పాఠానికీ ఒక్క క్లిక్. కొన్ని రికార్డింగ్ సాఫ్ట్‌వేర్లలో ఈ సదుపాయం లోపలే ఉంటుంది. మీ దాంట్లో లేకపోతే బాధపడక్కర్లేదు, వీడియోని కంప్యూటర్‌లో సేవ్ చేసి ఫైల్‌జిల్లా గానీ విన్‌ఎస్‌సీపీ గానీ తెరిచి పంపండి. రెండూ ఉచితమే, రెండింట్లోనూ సర్వర్ వివరాలు ఒక పేరుతో దాచుకోవచ్చు.

ఫోల్డర్ దారి, వెబ్ అడ్రస్ రెండూ ఒకటే కదా? రెండుసార్లు ఎందుకు అడుగుతోంది?

ఒకటి కాదు. నా దగ్గరికి వచ్చే సమస్యల్లో సగం పైన ఇక్కడే పుడతాయి, కాబట్టి కొంచెం ఓపిగ్గా చదవండి.

కిరాణా కొట్టుకి సరుకు వెనక గోడౌన్ గేటు నుంచి దిగుతుంది, కొనేవాళ్లు ముందు షట్టర్ నుంచి వస్తారు. కొట్టు ఒకటే, దార్లు రెండు. సర్వర్ కూడా అలాగే. మీరు ఫైలు దింపే దారి ఒకటి, పిల్లలు బ్రౌజర్‌లో కొట్టే అడ్రస్ ఇంకొకటి. షేర్డ్ హోస్టింగ్‌లో లాగిన్ అవగానే మీ హోమ్ ఫోల్డర్ కనిపిస్తుంది, దాని లోపల ఎక్కువగా పబ్లిక్ హెచ్‌టీఎమ్‌ఎల్ అనే పేరుతో ఇంకో ఫోల్డర్ ఉంటుంది. బయటి ప్రపంచానికి కనిపించేది ఆ లోపలి ఫోల్డర్ మాత్రమే. దాని బయట ఎన్ని గిగాబైట్లు పోసినా ఏ బ్రౌజర్‌కీ కనపడవు. తిరగేసి చేసే తప్పు కూడా ఉంది. పబ్లిక్ హెచ్‌టీఎమ్‌ఎల్ లోపల పాఠాలు అనే ఫోల్డర్ పెట్టి, పిల్లలకిచ్చే లింక్‌లో కూడా పబ్లిక్ హెచ్‌టీఎమ్‌ఎల్ అని రాస్తారు, అప్పుడు 404, అంటే పేజీ దొరకలేదు అని వస్తుంది. వెబ్ అడ్రస్‌లో సైట్ పేరు తర్వాత నేరుగా పాఠాల ఫోల్డర్ పేరే రావాలి.

సరిచూసుకోవడానికి గంట వీడియో పంపి చూడకండి. నోట్‌ప్యాడ్‌లో నాలుగు మాటలు రాసి ఆ చిన్న ఫైలు పంపండి, మీ ఫోన్‌లో వైఫై ఆపేసి మొబైల్ డేటాతో ఆ లింక్ తెరవండి. ఆ నాలుగు మాటలు కనిపిస్తే రెండు చిరునామాలూ కలిసినట్టే. ఫోన్ అని ఎందుకన్నానంటే, మీ కంప్యూటర్‌లో మీరు ముందే లాగిన్ అయి ఉంటారు, కాలేజీ నెట్‌వర్క్ లోపల ఉంటారు, అక్కడ తెరుచుకున్నంత మాత్రాన పిల్లలకి తెరుచుకుంటుందని చెప్పలేం.

ఎఫ్‌టీపీ, ఎఫ్‌టీపీఎస్, ఎస్‌ఎఫ్‌టీపీ అని మూడు చూపిస్తోంది. ఏది పెట్టాలి?

ఎస్‌ఎఫ్‌టీపీ. మూడూ ఫైళ్లని సర్వర్‌కి పంపే పద్ధతులే, కానీ రెండో ఆలోచన వద్దు.

మామూలు ఎఫ్‌టీపీలో మీ పాస్‌వర్డ్ ఏ ముసుగూ లేకుండా ఉన్నదున్నట్టుగా వెళ్తుంది, దారిలో నెట్‌వర్క్ గమనించేవాళ్లు ఎవరైనా చదివేయొచ్చు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ 2021లో ఎఫ్‌టీపీని పూర్తిగా తీసేశాయి. ఎఫ్‌టీపీఎస్ అంటే అదే పాత ఎఫ్‌టీపీకి సర్టిఫికెట్‌తో తాళం వేసినది. ఎస్‌ఎఫ్‌టీపీ పేరు దగ్గరగా ఉంది గానీ అది వేరే జాతి, ఎస్‌ఎస్‌హెచ్ (సర్వర్‌కి తాళం వేసిన దారిలో లాగిన్ అయ్యే పద్ధతి) మీద నడుస్తుంది, మొత్తం ఒకే పోర్టు గుండా వెళ్తుంది, మామూలుగా అది 22. ఎఫ్‌టీపీకి 21. పేరు ఎస్‌ఎఫ్‌టీపీ ఎంచుకుని పోర్టు దగ్గర 21 అలాగే వదిలేస్తే కనెక్ట్ కాదు, ఇది చాలామంది చేస్తారు.

మా హోస్టింగ్‌లో ఎఫ్‌టీపీ మాత్రమే ఇచ్చారు. లాగిన్ అవుతోంది గానీ ఫోల్డర్ల జాబితా రాకుండా అలాగే తిరుగుతోంది.

ముందు వాళ్లని ఎస్‌ఎఫ్‌టీపీ గానీ, కనీసం ఎఫ్‌టీపీఎస్ గానీ ఇమ్మని అడగండి, చాలాచోట్ల అడిగితే ఆన్ చేస్తారు. ఇక జాబితా రాకపోవడం సంగతి: ఎఫ్‌టీపీలో మాటలు ఒక పోర్టులో, సరుకు ఇంకో పోర్టులో నడుస్తాయి. లాగిన్ అయ్యేది మొదటిదాంట్లో, జాబితా వచ్చేది రెండోదాంట్లో. ఆ రెండోదాన్ని ఫైర్‌వాల్ ఆపేస్తోంది. మీ వైపు పాసివ్ మోడ్ (ఆ రెండో దారిని కూడా మీ కంప్యూటరే తెరిచే పద్ధతి) ఆన్ చేసి చూడండి. అప్పటికీ రాకపోతే సర్వర్ వైపు పాసివ్ పోర్టుల వరుసని తెరవాలి, అది సర్వర్ చూసుకునేవాళ్ల పని.

మొదటిసారి కనెక్ట్ చేస్తే ఏదో ఫింగర్‌ప్రింట్ చూపించి నమ్ముతారా అని అడిగింది. ఎస్ కొట్టేశాను. తప్పా?

మొదటిసారి అందరికీ అడుగుతుంది. అది సర్వర్ గుర్తింపు కార్డు లాంటిది. వీలైతే సర్వర్ చూసుకునేవాళ్లకి ఫోన్ చేసి ఆ అక్షరాలు సరిపోల్చుకోండి, ఒక్క నిమిషం పని. అసలు జాగ్రత్త పడాల్సింది తర్వాత. కొన్ని నెలలు బాగానే నడిచాక ఒకరోజు హఠాత్తుగా ఫింగర్‌ప్రింట్ మారింది అని హెచ్చరిక వస్తే, సర్వర్‌ని మార్చారా, కొత్తగా ఇన్‌స్టాల్ చేశారా అని అడిగి, అవునంటేనే ముందుకు వెళ్లండి. కాదంటే మధ్యలో ఇంకెవరో ఉన్నారేమో చూడాలి, అప్పటిదాకా పాస్‌వర్డ్ కొట్టొద్దు.

పాస్‌వర్డ్ చాలా, కీ కావాలా?

కీ పెట్టుకోండి. మొదట పది నిమిషాలు తల నొప్పిగా ఉంటుంది, తర్వాత సుఖం. విండోస్ 10 నుంచి ఎస్‌ఎస్‌హెచ్ పనిముట్లు విండోస్‌తోనే వస్తున్నాయి, విన్‌ఎస్‌సీపీ వాడేవాళ్లకి దాంతోపాటే కీలు తయారు చేసే పుట్టీజెన్ దొరుకుతుంది. ఈడీ25519 రకం కీ తయారు చేయండి. రెండు ఫైళ్లు వస్తాయి: పబ్లిక్ కీ సర్వర్‌కి ఇవ్వాలి, అది ఎవరు చూసినా ఫరవాలేదు. ప్రైవేట్ కీ మీ కంప్యూటర్ దాటకూడదు. దాన్ని వాట్సాప్‌లో పంపమని ఎవరు అడిగినా పంపకండి, నేను అడిగినా సరే.

డిపార్ట్‌మెంట్ మొత్తానికి ఒకే యూజర్ చాలదా?

మేము మొదట అలాగే చేశాం. ఒకే యూజర్‌నేమ్, ఒకే పాస్‌వర్డ్, స్టాఫ్ రూమ్‌లో అందరికీ తెలుసు. ఒకరోజు ఎవరో పాత ఫోల్డర్ అనుకుని తీసేశారు, అది ఆ సెమిస్టర్ ఫోల్డర్. 11 పాఠాలు పోయాయి, ఎవరు తీశారో లాగ్ చూసినా తెలియదు, ఎందుకంటే లాగ్‌లో అందరిదీ ఒకే పేరు. ఒక మేడమ్ ఆ పాఠాలు మళ్లీ మొదటినుంచి చెప్పి రికార్డు చేయడం చూసినప్పుడు నాకు చాలా బాధేసింది. అప్పటినుంచి ప్రతి ఒక్కరికీ వేరు యూజర్, వేరు ఫోల్డర్.

ఆ యూజర్లకి సర్వర్‌లో మొత్తం లాగిన్ ఇవ్వక్కర్లేదు. సర్వర్‌లో ఎస్‌ఎస్‌హెచ్‌ని నడిపే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో ఒక యూజర్‌ని ఎస్‌ఎఫ్‌టీపీకి మాత్రమే, అదీ తన ఫోల్డర్ వరకు మాత్రమే కట్టేసే సెట్టింగ్ ఉంది, దాన్ని సీహెచ్‌రూట్ అంటారు. ఇందులో ఒక మెలిక ఉంది. అలా కట్టేసే పై ఫోల్డర్ రూట్ యూజర్ (సర్వర్ మొత్తానికి యజమాని) పేరు మీదే ఉండాలి, వేరేవాళ్లకి అందులో రాసే హక్కు ఉండకూడదు. సార్ ఫోల్డర్ కదా అని సార్ పేరు మీదకి మారిస్తే, పాస్‌వర్డ్ సరైనదే అయినా కనెక్ట్ అయిన మరుక్షణం తెగిపోతుంది. పై ఫోల్డర్ రూట్‌ది, దాని లోపల పాఠాలు అనే ఇంకో ఫోల్డర్ సార్‌ది. ఇలా పెడితే పనిచేస్తుంది. ఈ ఒక్క విషయం తెలియక నేను ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను.

పాస్‌వర్డ్ రెండు మూడుసార్లు తప్పు కొట్టాను. ఇప్పుడు సరైనది కొట్టినా అసలు కనెక్ట్ అవట్లేదు.

సర్వర్‌లో ఫెయిల్2బ్యాన్ అనే కాపలా సాఫ్ట్‌వేర్ ఉండి ఉంటుంది. మామూలు సెట్టింగ్‌లో ఐదు తప్పులకి పది నిమిషాలు ఆపేస్తుంది. మీరు మూడుసార్లే కొట్టినా సాఫ్ట్‌వేర్ దానంతట అది మళ్లీ ప్రయత్నించి ఉంటుంది. టీ తాగి రండి.

వీడియో పంపడానికి గంటలు పడుతోంది.

లెక్క వేసుకుంటే అర్థమవుతుంది. మీ కనెక్షన్ 100 ఎంబీపీఎస్ అని రాసి ఉన్నా కొన్ని ప్లాన్లలో అప్‌లోడ్ వేగం అంత ఉండదు, స్పీడ్ టెస్ట్‌లో అప్‌లోడ్ అంకె విడిగా చూడండి. అది 10 ఎంబీపీఎస్ అయితే 1 జీబీ ఫైలుకి దాదాపు 13, 14 నిమిషాలు. 2 ఎంబీపీఎస్ అయితే గంట దాటుతుంది.

కాబట్టి ఫైలుని తగ్గించండి. స్లైడ్లు, గొంతు మాత్రమే ఉన్న పాఠానికి పెద్ద బిట్‌రేట్ (సెకనుకి వీడియో ఎంత డేటా తింటుందో చెప్పే అంకె) అవసరం లేదు. గంట పాఠం 2.5 ఎంబీపీఎస్‌లో చేస్తే 1100 ఎంబీ దాటుతుంది, 1 ఎంబీపీఎస్‌లో చేస్తే 450 ఎంబీ. స్లైడ్ కదలకుండా ఉంటుంది కాబట్టి అక్షరాల్లో పెద్ద తేడా తెలియదు. పవర్‌పాయింట్‌లో వీడియోగా ఎగుమతి చేసేటప్పుడు 1080 బదులు 720 ఎంచుకున్నా చాలు, అక్షరాలు మరీ చిన్నవి కాకపోతే. ఇది మీ అప్‌లోడ్ కోసమే కాదు. ఊళ్లో రోజుకి ఒకటిన్నర, రెండు జీబీ డేటా ప్లాన్‌తో చూసే అమ్మాయికి 1100 ఎంబీ అంటే ఆ రోజు సగం పైన మీ ఒక్క పాఠానికే అయిపోతుంది. గొంతు మాత్రం తగ్గించొద్దు. బొమ్మ కాస్త మసకైనా పిల్లలు సర్దుకుంటారు, మాట సరిగ్గా వినపడకపోతే వదిలేస్తారు.

మధ్యలో నెట్ పోతే మళ్లీ మొదటినుంచా?

అక్కర్లేదు. విన్‌ఎస్‌సీపీ పెద్ద ఫైళ్లని ముందు ఫైల్‌పార్ట్ అనే తోకతో తాత్కాలిక పేరు మీద పంపి, అంతా అయ్యాకే అసలు పేరు పెడుతుంది, తెగిపోతే అక్కడినుంచే కొనసాగిస్తుంది. దీనివల్ల ఇంకో లాభం, సగం వెళ్లిన వీడియో పిల్లల కంట పడదు. ఫైల్‌జిల్లాలో రెజ్యూమ్ అని అడిగినప్పుడు అది ఎంచుకోండి, ఓవర్‌రైట్ కాదు.

రికార్డింగ్ మధ్యలోనే కరెంటు పోయింది, ఫైలు తెరుచుకోవట్లేదు.

ఓబీఎస్‌లో మామూలు ఎంపీ4గా నేరుగా రికార్డు చేస్తే ఈ ప్రమాదం ఉంది, చివర రాయాల్సిన సమాచారం రాయకుండా ఆగిపోతే మొత్తం ఫైలు పనికిరాకుండా పోవచ్చు. ఎంకేవీగా రికార్డు చేయండి, కరెంటు పోయినా అప్పటిదాకా చెప్పింది ఉంటుంది. తర్వాత ఫైల్ మెనూలో రీమక్స్ అని ఉంటుంది, అది కొద్దిసేపట్లో ఎంపీ4గా మారుస్తుంది, నాణ్యత తగ్గదు. సర్వర్‌కి పంపాల్సింది ఆ ఎంపీ4నే.

ఫైలు పేరు తెలుగులో పెట్టొచ్చా?

పెట్టొచ్చు. కానీ సర్వర్‌కి వెళ్లే ఫైలుకి మాత్రం పెట్టొద్దనే నా సలహా. తెలుగు మీద ప్రేమ లేక కాదు. కంప్యూటర్లు అక్షరాలు దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకి మూడు బైట్లు పడతాయి, లింక్‌గా కాపీ చేస్తే ఒక్కో బైటూ శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాలు అవుతుంది. పాఠం అనే చిన్న మాట లింక్‌లో 36 అక్షరాల పొడవు తేలుతుంది. వాట్సాప్ గ్రూపులో అలాంటి లింక్ మూడు లైన్లు వస్తుంది, దాన్ని చూసి అది ఏ పాఠమో ఎవరూ చెప్పలేరు. లైనక్స్‌లో ఫైలు పేరుకి 255 బైట్ల హద్దు ఉంది, అంటే తెలుగులో 85 గుర్తులు, గుణింతాలు ఒత్తులు కూడా విడివిడిగా లెక్కే, కాబట్టి అధ్యాయం పేరు మొత్తం రాస్తే తగిలే అవకాశం ఉంది. తెలుగు శీర్షికని వీడియో పెట్టే పేజీలో పెద్ద అక్షరాలతో పెట్టండి, అక్కడ ఏ ఇబ్బందీ లేదు.

ఇంగ్లిష్ పేరైనా ఖాళీలు వదలకండి, అన్నీ చిన్న అక్షరాల్లో రాయండి. విండోస్‌కి పెద్ద ఏ, చిన్న ఏ ఒకటే, లైనక్స్‌కి వేర్వేరు. కంప్యూటర్‌లో బాగా పనిచేసిన లింక్ సర్వర్ మీద 404 ఇస్తే మొదట చూడాల్సింది ఇదే.

నాకు కనిపిస్తోంది, పిల్లలకి 403 ఫర్‌బిడెన్ అని వస్తోందట.

ఫైలు అక్కడే ఉంది, చదివే అనుమతి లేదు. మీరు ఎస్‌ఎఫ్‌టీపీలో మీ పేరు మీద చూస్తున్నారు, వెబ్ సర్వర్ వేరే యూజర్‌గా నడుస్తుంది. ఫైళ్లకి 644, ఫోల్డర్లకి 755 పెట్టండి (ఇవి అనుమతి అంకెలు, మీరు మార్చొచ్చు, మిగతావాళ్లు చూడగలరు అంతే), ఫైల్‌జిల్లాలో ఫైలు మీద కుడి క్లిక్ చేస్తే పర్మిషన్స్ ఉంటుంది. పై ఫోల్డర్లలో ఏ ఒక్కటి మూసి ఉన్నా లోపలిది తెరుచుకోదు, కాబట్టి పైనుంచి ఒక్కొక్కటీ చూడండి. విసుగొచ్చి 777 పెట్టేయకండి, అది ఆ సర్వర్‌లోని ప్రతి యూజర్‌కీ మీ పాఠాలు మార్చే హక్కు ఇచ్చినట్టు.

వీడియో మొత్తం దిగేదాకా ప్లే అవట్లేదు.

ఎంపీ4లో ఏ సెకను ఎక్కడుందో చెప్పే సూచిక ఒకటి ఉంటుంది. చాలా సాఫ్ట్‌వేర్లు దాన్ని ఫైలు చివర రాస్తాయి. బ్రౌజర్‌కి అది ముందు కావాలి. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే, కమాండ్లతో నడిచే వీడియో పనిముట్టులో ఫాస్ట్‌స్టార్ట్ అనే ఆప్షన్‌తో ఆ సూచికని ముందుకి తేవచ్చు, వీడియోని మళ్లీ ఎన్‌కోడ్ చేయక్కర్లేదు కాబట్టి తొందరగా అయిపోతుంది. కమాండ్లు ఇష్టం లేనివాళ్లు హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో వెబ్ ఆప్టిమైజ్డ్ అనే గడిలో టిక్ పెట్టండి, అదే పని చేస్తుంది గానీ టైం ఎక్కువ పడుతుంది. వీడియో రకం హెచ్264 ఉంచండి, కొత్త హెచ్265 అన్ని ఫోన్లలో, అన్ని బ్రౌజర్లలో ఆడదు.

మా కాలేజీ మూడుల్ (Moodle, ఆన్‌లైన్ క్లాసుల సాఫ్ట్‌వేర్) పేజీలో పెడితే ఆడట్లేదు, విడిగా తెరిస్తే ఆడుతోంది.

పేజీ హెచ్‌టీటీపీఎస్‌లో ఉంది, మీ వీడియో లింక్ తాళం లేని ఉత్త హెచ్‌టీటీపీలో ఉంది. బ్రౌజర్లు అలాంటి కలగలుపుని ఒప్పుకోవు. మీ వీడియో సర్వర్‌కి కూడా హెచ్‌టీటీపీఎస్ పెట్టాలి. దానికి కావాల్సిన సర్టిఫికెట్ లెట్స్ ఎన్‌క్రిప్ట్ దగ్గర ఉచితం, సర్ట్‌బాట్ అనే సాఫ్ట్‌వేర్‌తో దానంతట అదే రెన్యూ అయ్యేలా పెట్టుకోండి. చేత్తో రెన్యూ చేస్తాలే అనుకుంటే అది సెలవుల్లోనే ముగుస్తుంది.

ఎఫ్‌టీపీ గోల లేకుండా వెబ్ పేజీ నుంచే అప్‌లోడ్ చేస్తే 413 అనే ఎర్రర్ వస్తోంది.

ఎన్‌జిన్‌ఎక్స్ మామూలుగా 1 ఎంబీకి మించిన అప్‌లోడ్‌ని తీసుకోదు. ఆ అప్‌లోడ్ పేజీని నడిపే పీహెచ్‌పీ హద్దు మామూలుగా 2 ఎంబీ. రెండూ పెంచాలి. పెంచినా పెద్ద వీడియోలకి ఎస్‌ఎఫ్‌టీపీయే మేలు, ఎందుకంటే మామూలు వెబ్ ఫారంలో మధ్యలో తెగితే మళ్లీ మొదటికే.

మా క్లాసు పిల్లలు మాత్రమే చూసేలా చేయొచ్చా?

లింక్ ఎవరికీ తెలియదులే అన్నది భద్రత కాదు, వాట్సాప్‌లో ఒక్కసారి పడిందంటే ఊరంతా తిరుగుతుంది. ఫోల్డర్‌కి పాస్‌వర్డ్ పెట్టే సదుపాయం అపాచీలోనూ ఎన్‌జిన్‌ఎక్స్‌లోనూ ఉంది, లేదా మూడుల్ లోపలే ఉంచండి. ఫోల్డర్ అడ్రస్ కొడితే ఫైళ్ల జాబితా అంతా కనపడుతోందేమో కూడా చూసుకోండి, కనపడితే ఆపేయండి. రికార్డింగ్‌లో పిల్లల ముఖాలు, పేర్లు, ఫోన్ నంబర్లు పడి ఉంటే ముందు వాటిని కత్తిరించండి. 2023 నాటి డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం 18 ఏళ్ల లోపు వాళ్లని పిల్లలుగానే చూస్తుంది, ఇంటర్ క్లాసులు రికార్డు చేసేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఇంత కష్టం ఎందుకు, యూట్యూబ్‌లో పెడితే పోదా?

అందరూ చూడొచ్చు అనుకునే పాఠాలు అక్కడే పెట్టండి, నెట్ వేగాన్ని బట్టి నాణ్యత అదే మారుస్తుంది, మన చిన్న సర్వర్ ఆ పని చేయలేదు. 60 మంది ఒకేసారి 1 ఎంబీపీఎస్ వీడియో చూస్తే మన సర్వర్ నుంచి 60 ఎంబీపీఎస్ బయటికి పోవాలి, అది కూడా లెక్కలో పెట్టుకోండి. క్లాసుకే పరిమితం కావాల్సినవి, ల్యాబ్ పరీక్షల సూచనల లాంటివి, మధ్యలో ప్రకటనలు రాకూడనివి సొంత సర్వర్‌లో ఉంటేనే నాకు మనశ్శాంతి.

తప్పు సరిచేసి అదే పేరుతో మళ్లీ పంపాను, పాతదే ఆడుతోంది.

బ్రౌజర్ పాత కాపీ దాచుకుంది. కొత్త ఫైలుకి చివర రెండు అని అంకె చేర్చి కొత్త పేరుతో పంపండి, పేజీలో లింక్ మార్చండి. పాతది వారం ఆగి తీసేయండి, ఎవరైనా సగం చూస్తూ ఉండొచ్చు.

సర్వర్‌కి పంపాక నా కంప్యూటర్‌లోది తీసేయొచ్చా?

వద్దు. ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లో వేసి, దాని మీద సబ్జెక్టు, సెమిస్టర్ రాసి బీరువాలో పెట్టండి.